మచ్చ పడిన నాణెము



గత క్రిస్మసు దినములలో, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మన సంఘపు యౌవనుడొకడు ఇంటికి వచ్చి, ఆరాధన ముగిసిన పిమ్మట నాకొక చిన్న ప్లాస్టిక్ పెట్టె చూపెను. అందులో ఒక వెండి నాణెము. ఒక వైపు నడచుచున్న స్త్రీ రూపము, మరియొక వైపు గ్రద్ద. పెట్టె తెరచుటకు వీలులేకుండ మూసియున్నది. పైనున్న చీటీ మీద 70 అను అంకె వేసియున్నది.

అతని తల్లి ప్రక్కనే నిలిచి, "దీన్ని సంతకు తీసుకుపోతే ఎవరన్నా సరుకు ఇస్తారా, అయ్యగారూ?" అని నన్నడిగెను. ఎవరు నియ్యరు. ఆ దేశములో దాని మీద ముద్రించిన విలువ ఒక డాలరే. అందున్న వెండి ఒక ఔన్సు, అనగా 31 గ్రాములకు కొంచెము ఎక్కువ. అయినను వెండి వెలకు ఎన్నో రెట్లు పోసి అతడు దానిని కొనెను. ఆ వెల ఎందుకు వచ్చెనో అతడు చెప్పగా విని, తరువాత నేనును కొంత చదివితిని.

1949లో విలియం షెల్డన్ అను అమెరికా దేశస్థుడు పాత రాగి సెంట్ల కొరకు 1 మొదలుకొని 70 వరకు ఒక కొలబద్ద చేసెను. మిక్కిలి అరిగిన నాణెము ఒక డాలరైతే, అదే రకములో మచ్చలేనిది 70 డాలర్లు చేయునని అతని లెక్క. అనగా ఆ అంకె మొదట ధరయే. ధరలు మారిపోయినవి గాని అంకె నిలిచెను. 1986లో ఒక సంస్థయు, 1987లో మరియొకటియు బయలుదేరి, రుసుము తీసికొని నాణెములను పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్‌లో మూసి ఇచ్చుచున్నవి. అయిదు రెట్లు పెద్దదిగా చూపు అద్దములో సయితము లోపము కనబడనిదే 70.

ఇక్కడ ఒక సంగతి చెప్పక విడువలేను. ఆ కొలబద్ద చేసిన షెల్డన్, న్యూయార్కులోని అమెరికా నాణెముల సంఘపు సేకరణలోని మంచి సెంట్లను తీసికొని వాటి స్థానములో తన తక్కువ రకపువి పెట్టెనని అతడు చనిపోయిన తరువాత బయటపడెను. కొలబద్ద చేయుట వేరు, దాని ప్రకారము నడచుట వేరు.

పాత నాణెములు అరుదు గనుక వెల పలుకుట మనకు తెలిసినదే. ఈ క్రొత్తవి అట్టివి కావు. వేలు, లక్షలుగా అచ్చైనవి, అనేకులు జాగ్రత్తగా దాచినవి. వాటిలో నాణెము అరుదు కాదు, అంకె అరుదు. 69కిని 70కిని గల భేదము మామూలు కంటికి ఆనదు. అయినను తమ సేకరణయే అందరికంటె మిన్నగా ఉండవలెనని పోటీపడువారు ఆ ఒక్క అంకె కొరకు సొమ్ము క్రుమ్మరింతురు. 1995లో వెస్ట్ పాయింట్ టంకశాలలో ఈ వెండి నాణెములు 30,125 మాత్రమే చేసి, 999 డాలర్లకు నాలుగు బంగారు నాణెములు కొనువారికి వాటితో కూడ ఇచ్చిరి. 2013లో 70 అంకెగల అట్టిదొకటి వేలములో 86,000 డాలర్లకు పైగా పలికెను. అది విని తక్కినవారు తమ నాణెములను పరీక్షకు పంపిరి, 70లు పెరిగెను, వెల దిగెను. 69 వచ్చిన పెట్టెను పగులగొట్టి అదే నాణెమును మరల మరల పంపువారును కలరు. ఒక్కొక్కప్పుడు అంకె మారునట! నాణెము మారలేదు గదా.

మన యూళ్లలో సెల్‌ఫోనులలో తిరుగు ప్రకటనలు దీనికి దూరపు చుట్టములు. "పాత అయిదు రూపాయల బిళ్ల ఇయ్యండి, లక్షలు ఇత్తుము" అని చెప్పి, ముందుగా రుసుము కట్టుమందురు. రిజర్వు బ్యాంకు తన పేరట జరుగు అట్టి మోసమును గూర్చి 2021లోనే హెచ్చరించినది. మీలో ఎవరును కట్టకుడి.

ఇప్పుడు ఆ యౌవనుని ప్రశ్నకు వచ్చెదను. చెల్లెలి నర్సింగు చదువు రుసుమునకు అతడు నాణెము అమ్మదలచెను. కాని పెట్టె లోపలనే, గ్రద్ద రెక్క మీద, ఆవగింజలో సగమంత తెల్లని మచ్చ పుట్టినది. ఈ వెండి నాణెములకు ఏండ్లు గడచిన తరువాత అట్లు జరుగుట కలదు. చీటీ మీద మాత్రము ఇంకను 70యే. "అయ్యగారూ, కొనేవాళ్లు చీటీనే చూస్తారు. నేను అబద్ధం చెప్పడం లేదు. మచ్చ సంగతి ఊరుకుంటే తప్పా?" అని అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. నాణెముల సంగతి నాకేమి తెలియును? గాని గేదెల సంగతి తెలియును. సంతకు తోలుటకు ముందు ఒక పూట పాలు పిండక పొదుగు నిండుగా కనబడునట్లు చేయువారు మనలో లేరా? వారును నోట అబద్ధమాడరు, పొదుగే ఆడును. కొనినవాడు మరునాటి ఉదయము చెంబు పట్టుకొని కూర్చుండినప్పుడు గాని సంగతి తెలియదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనరాదని కలదు. రాతితో తూచుట మాత్రమే కాదు, సంచిలో ఉంచుకొనుటయే అక్కడ నిషేధింపబడినది.

"మచ్చ సంగతి అందరికీ తెలిసిందే, ఇలాంటివాటికి వస్తుంటాయి" అని అతడు మరల అనెను. అప్పుడు నేను, "అందరికి తెలిసినదైతే నీవు చెప్పినంత మాత్రమున వెల తగ్గదు. చెప్పినచో తగ్గునని నీవు భయపడుచున్నావంటే, కొనువానికి తెలియదనియే గదా?" అంటిని. అతడు మాటలాడలేదు. తల్లి మాత్రము, "ఫీజు ఎలా కడతావురా?" అనెను. ఆ మాట న్యాయమైనదే. పేదవాని ఇంట నిజము చెప్పుటకు అయ్యే ఖర్చు ధనికుని ఇంటికంటె ఎక్కువ. ఆ సంగతి మరచి బోధించుట నాబోటివారికి సులభము. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

గత నెలలో అతని యొద్దనుండి కబురు వచ్చెను. మచ్చను దగ్గరగా ఫొటో తీసి, దాని క్రింద ఉన్నది ఉన్నట్లు వ్రాసి, నాణెమును అమ్మకమునకు పెట్టెనట. ఇద్దరు అడిగి, మచ్చ చూచి, వెనుకకు తగ్గిరట. చెల్లెలి రుసుములో సగము జీతములోనుండి పంపెను. తక్కిన సగమునకు ఆమె కళాశాలవారిని గడువు అడుగుటకు నేనును వెంట వెళ్లి వచ్చితిని. జూన్ వరకు ఆగుదుమనిరి. నాణెము ఇంకను అమ్ముడు పోలేదు.