కుర్చీ ఎక్కిన కలం

నిజం చెప్పడం బయట ఉన్నవాళ్లకు సులువా, అధికారంలో ఉన్నవాళ్లకు సులువా? ఈ ప్రశ్న నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు. బడి గోడపత్రిక దగ్గర దొరికింది.

పోయినేడు తొమ్మిదో తరగతిలో నేను గోడపత్రికకు సంపాదకురాలిని. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపులకు గడియలు లేవని రాశాను. వారంలో గడియలు వచ్చాయి. ఎంత సంబరపడ్డానో! ఈ ఏడు నన్ను విద్యార్థి నాయకురాలిగా ఎన్నుకున్నారు. తాగే నీళ్ల తొట్టి చూసుకోవడం కూడా నా పనే. ఒకరోజు ఏడో తరగతి పాప ఒక కాగితం తెచ్చింది. తొట్టి కడిగి నెల దాటిందని, నీళ్లలో పురుగులు కనపడుతున్నాయని రాసింది. నేను చదివి, "ఇప్పుడొద్దులే, వచ్చే వారం ఆఫీసర్లు వస్తున్నారు. వాళ్లు పోయినాక అతికిద్దాం" అన్నాను.

"పోయినేడు నువ్వు రాయలేదా అక్కా?" అనింది ఆ పాప. నాకు నోట మాట రాలేదు.

ఆ వారమే మా అయ్యవారు చర్చిల్ గురించి వ్యాసం రాయమన్నారు. విన్‌స్టన్ చర్చిల్ మనకు మరీ దూరపు మనిషి కాదు. 1896లో, 21 ఏళ్ల వయసులో, సైనికాధికారిగా మా హోసూరు పక్కనున్న బెంగళూరు దండుకు వచ్చినాడు. అక్కడి క్లబ్బు లెక్కల పుస్తకంలో ఆయన కట్టకుండా పోయిన 13 రూపాయల బాకీ ఉంది. 1897లో వాయవ్య సరిహద్దు యుద్ధానికి పోయి పత్రికలకు ఉత్తరాలు రాశాడు. 1898లో సూడాను యుద్ధంలో పోరాడుతూనే విలేకరిగా పని చేశాడు. ఆ యుద్ధం మీద 1899లో రాసిన పుస్తకంలో, తమ సేనాపతి కిచెనర్ అక్కడి మహ్దీ సమాధిని పాడుచేయించడం తప్పని రాశాడు. తన పైఅధికారి తప్పును పాతికేళ్ల కుర్రవాడు అచ్చులో పెట్టాడంటే ధైర్యమే కదా!

1900లో ఆయన కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1902లో అదే పుస్తకాన్ని కుదించి మళ్లీ అచ్చు వేశారు. అందులో కిచెనర్ మీది విమర్శ చాలావరకు లేదు. ఇది చదివినప్పుడు నాకు ఆ పాప కాగితం గుర్తొచ్చింది.

ఆయన 1904లో లిబరల్ పార్టీలోకి పోయాడు, ఇరవై ఏళ్ల తరువాత తిరిగి కన్సర్వేటివ్‌లలోకి వచ్చాడు. 1926లో కార్మికుల సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు ఆర్థికమంత్రిగా ఉంటూ ప్రభుత్వ పత్రిక 'బ్రిటిష్ గెజెట్'ను నడిపాడు. అందులో సమ్మెదారుల వైపు మాటకు చోటు లేదు. మళ్లీ 1930లలో, పదవి లేనప్పుడు, హిట్లర్ వల్ల ముప్పు వస్తుందని పత్రికల్లో విడవకుండా రాశాడు. ఆ మాట నిజమైంది. పదవి లేనప్పుడు కూడా ఆయన అన్నీ సరిగా చూశాడని కాదు. మన దేశానికి స్వపరిపాలన ఇవ్వకూడదని వాదించింది కూడా ఆ రోజుల్లోనే.

1943లో బెంగాల్ కరవు వచ్చినప్పుడు ఆయన ప్రధానమంత్రి. లక్షలమంది చనిపోయారు. ధాన్యం పంపమని ఇక్కడినుంచి అడిగినంత లండన్ మంత్రివర్గం పంపలేదు. ఆ ఆగస్టులో కలకత్తాలో 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, ఆయన కూడా ఆంగ్లేయుడే, వీధుల్లో ఆకలితో పడి ఉన్నవాళ్ల ఫొటోలు అచ్చు వేశాడు. ఒకప్పటి విలేకరి కుర్చీలో ఉన్నాడు, ఇంకొక విలేకరి వీధిని చూపించాడు.

ఇదంతా మా నాయనకు చెప్పాను. "బయట నిలబడి మాట్లాడేవానికి ఏం తెలుస్తుంది? లోపలున్నవానికి వంద చిక్కులు. అప్పుడు యుద్ధం జరుగుతా ఉంది, ఓడలు తక్కువ" అన్నాడు. మా నాయన మాటలో న్యాయం ఉంది. నేను నాయకురాలినైనాకే తొట్టి కడిగే మనిషి దొరకడం ఎంత కష్టమో తెలిసింది. కానీ చిక్కుల వల్ల పని ఆలస్యం కావడం వేరు, పని కాలేదన్న మాటను దాచడం వేరు. మొదటిదానికి క్షమాపణ అడగవచ్చు. రెండోదానివల్ల ఆ నీళ్లు తాగే చిన్నపిల్లలకు పురుగులున్నాయని కూడా తెలియకుండా పోతుంది.

మరుసటిరోజు ఆ పాపను వెదికి, ఇద్దరం కలిసి కాగితం అతికించాం. దాని కింద నేను, "ఈ తొట్టి బాధ్యత నాది. ఇంకా మనిషి దొరకలేదు. అందాకా ఇంటినుంచి నీళ్లు తెచ్చుకోండి" అని రాసి సంతకం పెట్టాను. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. పోయినేడు గడియల గురించి రాసేటప్పుడు వణకలేదు. అప్పుడు తప్పు వేరేవాళ్లది.

తొట్టి కడిగించడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆఫీసర్లు వచ్చినప్పుడు కాగితం గోడమీదే ఉంది. ఈసారి గోడపత్రికకు ఆ పాపే సంపాదకురాలు కావాలని అయ్యవారికి చెప్పాను. నా తప్పులు రాయడానికి నాకంటే ఆమే మేలు.