అతిథి పక్షి - గృహస్థ ధర్మము

ఇంటికి వచ్చిన అతిథిని ఆదరించుట ధర్మమని ఎల్లరు నెరుగుదురు. పిలువకయే వచ్చి, ప్రతిఫలమేమియు నీయక మరలిపోవు మూగ అతిథి యెడల ఆ ధర్మము వర్తించునా? ఏటేటా శీతకాలమున ఆంధ్ర తీరమునకు వచ్చు ఫ్లెమింగో పక్షులు గృహస్థుని ముందుంచు ప్రశ్న ఇదియే.

పత్రికలు వీనిని రాజహంసలని వ్రాయుట కలదు. కావ్యములలోని హంస వేరు, ఈ పక్షి వేరు. ఇది తల క్రిందికి వంచి, వంపు తిరిగిన ముక్కుతో బురదనీటిని వడగట్టి, నాచును సూక్ష్మజీవులను భుజించును. దీని గులాబి వన్నె పుట్టుకతో వచ్చినది కాదు, తిన్న ఆహారము వలన కలిగినది. పిల్ల బూడిదవన్నెతో నుండును. జంట ఒక్క ఈతకు సాధారణముగా ఒక్క గ్రుడ్డునే పొదుగును. కావున నష్టమైన సంతతి త్వరగా పూడదు. మన దేశమున ఇవి గూళ్లు కట్టు ముఖ్యస్థానము గుజరాతులోని కచ్ రణము; తెలుగునాట వీని ప్రధాన విడిది సూళ్లూరుపేట చెంతనున్న పులికాట్ సరస్సు. అచ్చట 2001లో ఆరంభమైన ఫ్లెమింగో పండుగ కొన్నేండ్లు ఆగి, 2025 జనవరిలో మరల జరిగినది.

పండుగ చేయుట సులభము. పండుగ ముగిసిన పిదప అతిథికి నీరుండవలెను గదా! సముద్రమునకు సరస్సునకు నడుమనున్న ముఖద్వారములు ఇసుకతో పూడినచో పోటునీరు లోనికి రాదు. సరస్సు ఎండును, ఉప్పదనము మితిమీరును. చేపపిల్లలును, రొయ్యపిల్లలును లోనికి చేరవు. అప్పుడు పక్షితోపాటు జాలరియు పస్తుండవలసినదే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. కాకినాడ చేరువనున్న ఉప్పాడలో అలలు ఇండ్లను, వీధులను కోసివేయుచున్నవి. నిలువ నీడ పోయిన జాలరికి, జాందానీ నేతపై బ్రతుకు నేతగానికి పక్షిరక్షణ బోధించుట న్యాయమా? పైగా పెద్ద ఫ్లెమింగో అంతరించుచున్న జాతి కాదు. చిన్న ఫ్లెమింగో మాత్రమే అపాయమునకు చేరువలో నున్నదిగా అంతర్జాతీయ పట్టికల కెక్కినది. మనుష్యుని కష్టము తీరిన తరువాతనే పక్షి సంగతి చూడరాదా?

ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. ఆకలిగొన్నవానిపై భారము మోపు దయ దయ కాదు. కాని ఉప్పాడ చెప్పు పాఠము వేరొకటి కూడ కలదు. నదులపై ఆనకట్టల వలన ఒండ్రు రాక తగ్గుట తీరపు కోతకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 1978లో అభయారణ్యమైన కోరింగ మడ అడవులు చేపపిల్లలను పెంచును, అలల తాకిడిని తగ్గించును, వలస పక్షులకు బురదమేటల నిచ్చును. నీటిని, తీరమును చెరచిన చేయి పక్షిని, మనుష్యుని వేరుగా చూడదు. కనుక ప్రశ్న పక్షియా, జాలరియా అని కాదు. భారము ఎవరు మోయవలెననునదే. కలిగినవారు ముందుగా మోయుట ధర్మము.

ఆ భారము పెద్దదియు కాదు. శ్రీకాకుళం సీమలోని తేలినీలాపురము, గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు గ్రామస్థులు తమ ఊరికి వచ్చు కొంగలను, గూడబాతులను ఆదరించి కాపాడుచున్నారు. చూడబోయినవారు దూరమునుండియే చూడవలెను. ఛాయాచిత్రము కొరకు పడవతోగాని, డ్రోనుతోగాని తరిమినచో, మేతకు దిగిన పక్షి బలమంతయు ఎగురుటకే వ్యయమగును. అడవిపక్షి మాంసమును కొనరాదు. కొనువాడు లేనిచో ఉచ్చు పన్నువాడుండడు. వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. కనిపించినచో అటవీశాఖకు తెలుపవలెను. చినిగిన వలలను, ప్లాస్టిక్ సంచులను నీట విడువరాదు. ప్రతి జనవరిలో జరుగు ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి సామాన్యుల సాయముతోనే నడచుచున్నది. విద్యార్థులు అందు పాల్గొనవచ్చును. సరస్సు ముఖద్వారముల పూడిక తీయవలెనని జాలరులు అడిగినప్పుడు పట్టణవాసులు వారి పక్షమున నిలువవలెను. ఇది పక్షికిని సేవయే.

మఠములు చేయదగినదియు కలదు. దాసోహమున ఆకువిస్తళ్లనే వాడి, ఆ చెత్త చెరువున పడకుండ చూచుట, మఠపు చెరువును పూడనీయకుండుట అట్టివి. బసవేశ్వరుని బోధలో దయకు ప్రథమస్థానము. కాయకమున ఆర్జించినది తనకే దాచుకొనక పంచుట దాసోహము. పంక్తిలో కూర్చుండువారు మనుష్యులు మాత్రమే యని ఎవరును హద్దు గీయలేదు. తిరిగి ఏమియు నీయలేని అతిథికి పెట్టినదే నిజమైన ఆతిథ్యము. ఇచ్చువానికి ఇచ్చుట ఋణము తీర్చుట మాత్రమే.