పూషా, కాస్త డిమ్ కొట్టవయ్యా

కొత్త కారు కొన్నవాళ్ళలో చాలామందికి మొదటి రాత్రి ప్రయాణంలోనే ఒక అసంతృప్తి పట్టుకుంటుంది: లైట్లు చాలవు. షోరూమ్‌లో సీటు మెత్తదనం చూసుకున్నారు, మైలేజీ అడిగారు, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయో లెక్కేశారు. టెస్ట్ డ్రైవ్ పట్టపగలు కాబట్టి లైటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తీరా చౌటుప్పల్ దాటాక, ఎదురుగా వచ్చే లారీ వెలుగులో తమ లైటు ఎక్కడ పడుతోందో కూడా తెలియదు. మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్తే మందు సిద్ధంగా ఉంటుంది. ఎల్‌ఈడీ వేయిద్దామా, వంద వాట్ల బల్బు పెడదామా, బంపర్ మీద నాలుగు అదనపు లైట్లు బిగిద్దామా?

ఉత్త బల్బు బేరమే అయితే సంగతి షాపులోనే తేలిపోయేది. కానీ రోడ్డు మీద వెలుగుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఇంట్లో ఎన్ని దీపాలు పెట్టుకున్నా పక్కింట్లో చీకటి పెరగదు. కారు లైటు అలా కాదు. ఒకరికి చూపునిచ్చే వెలుగే ఎదుటివారి చూపును లాగేసుకుంటుంది. మరి చూడటానికి మనిషికున్న హక్కు ఎంతవరకు? ఎదుటివాణ్ణి గుడ్డివాణ్ణి చేయడం ఎక్కడ మొదలవుతుంది? ధర్మశాస్త్రాలు రాసినవాళ్ళకు ఈ ప్రశ్న రాలేదు. వాళ్ళ బండ్లు గుర్రం వేగాన్ని దాటలేదు. విజయవాడ ఆటోనగర్‌లో బల్బు మార్పించుకునేవాడికి మాత్రం వస్తుంది, వాడు పట్టించుకున్నా పట్టించుకోకపోయినా.

ముందు బల్బు సంగతి. మన మామూలు కార్లలో విరివిగా కనిపించేది హెచ్4 హాలోజన్. లో బీమ్‌కు 55 వాట్లు, హై బీమ్‌కు 60. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న దొప్పలాంటి రేకు ఉంటుంది. ఆ రేకు అడ్డుపడటం వల్ల వెలుగు డూమ్ (లోపలి రిఫ్లెక్టర్) పై సగానికే తగిలి, కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. ఎడమవైపు మాత్రం ఆ వెలుగు అంచు కాస్త ఏటవాలుగా పైకి లేస్తుంది. ఎడమ అంచున నడిచే మనిషి కనబడాలి, కుడివైపు నుంచి వచ్చే డ్రైవరు కళ్ళు చెదరకూడదు. కుడిపక్కన బండ్లు నడిపే దేశాల కోసం చేసిన హెడ్‌లైటును తెచ్చి ఇక్కడ బిగిస్తే, పైకి లేచిన ఆ ముక్క తిన్నగా ఎదుటి డ్రైవరు మొహాన కొడుతుంది.

ఆ చిన్న రేకులో ఉన్నంత నీతి చాలా ఉపన్యాసాల్లో ఉండదు. రాత్రి కారు నడిపేవాడికి ఇద్దరు అపరిచితులతో లావాదేవీ ఉంటుంది. ఒకరికి అతని వెలుగు కావాలి, రెండోవారికి అతని నిగ్రహం కావాలి. ఇద్దరూ ఒకే క్షణంలో ఎదురుకావచ్చు. ఎవరో ఇంజనీరు కూర్చుని ఇద్దరికీ చెరో పక్క కేటాయించాడు.

ఈ ఏర్పాటును చెడగొట్టడం చాలా సులువు. ఫిలమెంట్ ఉన్న చోటనే, అంతే పరిమాణంలో వెలుగు పుడితేనే డూమ్ లెక్క కుదురుతుంది. హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టినప్పుడు చిప్పులు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వెలుగు చెల్లాచెదురై పైకి ఎగజిమ్ముతుంది. డ్రైవరు సీట్లోంచి చూస్తే బ్రహ్మాండంగానే ఉంటుంది. కారు ముందు పది పదిహేను మీటర్ల తారు తళతళలాడిపోతుంది. అసలు మోసం అక్కడే ఉంది. దగ్గర్లోని ఆ తళతళకు కంటిపాప ముడుచుకుపోతుంది, దూరంలోని చీకటి మరింత చిక్కబడుతుంది. పైగా వెలుగు రెట్టింపు దూరం చేరాలంటే కాంతి నాలుగింతలు కావాలి. వంద వాట్ల బల్బు పెట్టినా ఆ లెక్క దగ్గరికి పోదు. ఆ వేడికి హోల్డర్, డూమ్ కరిగే ప్రమాదం మాత్రం ఉంటుంది.

ఎవరి కళ్ళూ పోకుండా వెలుగు పెంచే దారి లేకపోలేదు. బ్యాటరీ నుంచి స్విచ్ మీదుగా బల్బు దాకా పోయే సన్నటి వైర్లలో వోల్టేజీ పది శాతం పడిపోతే హాలోజన్ వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు లాగితే పోయిన వెలుగు తిరిగొస్తుంది. పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాన్ని పాలిష్ చేయించడం, కారును గోడ ముందు నిలబెట్టి లైట్ల ఎత్తు సరిచేయించడం కూడా ఈ కోవలోవే. ఖర్చు తక్కువ, పైకి కనపడే ఆర్భాటం అసలే లేదు. అందుకే వీటి మీద రీళ్ళు తీసేవాళ్ళు కూడా తక్కువ.

అలాగని లైట్లు మార్చేవాళ్ళందరినీ డాబుసరి మనుషులని కొట్టిపారేయడం అన్యాయం. వెనక రిఫ్లెక్టర్ కూడా లేని ట్రాక్టర్ ట్రక్కు, రోడ్డు దాటే గేదె, చెట్టుకొమ్మా రెండు రాళ్ళూ కాపలా పెట్టుకుని ఆగిపోయిన లారీ... వీటి మధ్య నడిపేవాడు ఇంకాస్త వెలుగు కావాలంటే అది భోగం కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32 వేల మందికి పైగా పాదచారులు. వయసు సంగతి కూడా ఉంది: అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ళ వాడికి చేరేదాంట్లో మూడోవంతే ఉంటుందని అంచనా. కంపెనీ లైట్లు కూడా అన్నీ ఒక్కలా ఉండవు. అమెరికాలో బీమా సంస్థల హైవే భద్రతా సంస్థ 2016లో 31 మధ్యతరహా కార్ల హెడ్‌లైట్లు పరీక్షిస్తే ‘బాగుంది’ అనిపించుకున్నది ఒక్కటే. తర్వాత 2021లో అదే సంస్థ లెక్క తీసింది. మంచి రేటింగు ఉన్న లైట్ల కార్లు, నాసిరకం లైట్ల కార్లతో పోలిస్తే, రాత్రిపూట వేరే బండి ప్రమేయం లేని ప్రమాదాలకు గురవడం 19 శాతం తక్కువ. ఆ రేటింగులో ఎదుటివాళ్ళ కళ్ళు చెదరగొడితే మార్కులు కోస్తారు. అంటే అక్కడ మంచి లైటుకూ ఎక్కువ లైటుకూ తేడా పాటించారు.

మన చట్టం కూడా పాటించింది, ఎవరూ చదవరు గానీ. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 106వ నిబంధన ప్రకారం ముందు లైటు వెలుగు కిందికి వంగి ఉండాలి. లైటుకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కన్ను చెదరకూడదు. చట్టం భాష మామూలుగా పొడిపొడిగా ఉంటుంది గానీ ఇక్కడ అది శూన్యంలో ఒక కంటిని ఊహించింది. ఆ కన్ను ఎవరిదో చెప్పలేదు, ఆ అవసరం కూడా లేదు. అనుమతి లేకుండా బండిని మార్చే యజమానికి 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

డివైడర్ లేని రోడ్డు మీద రాత్రి జరిగే యుద్ధాన్ని మాత్రం ఏ నిబంధనా ఆపలేదు. ఇటువాడు హై బీమ్‌లో ఉంటాడు, అటువాడూ అంతే. వాడు దించితే నేనూ దించుతానని ఇద్దరూ అనుకుంటారు. ఒకడు డిమ్ కొట్టాక కూడా రెండోవాడు కొట్టకపోతే, మొదటివాడు రోషంతో మళ్ళీ హై బీమ్ వేస్తాడు. పగ తీర్చుకోవడంలో ఇంత తెలివితక్కువ పద్ధతి ఇంకొకటి ఉండదు. తన వైపే దూసుకొస్తున్న పది టన్నుల బండిని నడిపేవాడి కళ్ళు పొడవడమంటే ఏమిటి? సాటి మనిషిని హింసించకు అనే మాటకు ఇక్కడ పరలోకంతో పనిలేదు. 1785లో తత్వవేత్త కాంట్ పెట్టిన పరీక్ష కూడా ఇక్కడ ఇట్టే పనిచేస్తుంది: నువ్వు చేసేది అందరూ చేస్తే ఏమవుతుంది? అందరూ వంద వాట్లు పెడితే ఎవరికీ ఏమీ కనబడదు. అయితే కాంట్ దగ్గర ఆగిపోతే కథ సగమే.

బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: మనిషి ఏ వెలుగుతో మసలుతున్నాడు? సూర్యుడితో అంటాడు ముని. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ లేకపోతే? అగ్ని. నిప్పూ ఆరిపోతే? మాట. తన చెయ్యి తనకే కనబడని చీకట్లో మనిషి గొంతు వినబడిన వైపు నడుస్తాడు. దీనికి భాష్యం రాస్తూ శంకరులు కుక్క అరుపునూ గాడిద ఓండ్రనూ కూడా లెక్కలోకి తీసుకున్నారు. చివరికి మాటా ఆగిపోతే ఆత్మే వెలుగు అంటాడు ముని. వేదాంతులు సహజంగానే ఆ చివరి మెట్టు మీద ఎక్కువసేపు కూర్చున్నారు. రాత్రి డ్రైవరుకు పనికొచ్చేది మాత్రం దాని ముందున్న మెట్టు. లారీల వెనక రాసి ఉండే ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అన్న విన్నపం అదే కదా. డిప్పర్ కొట్టడం వెలుగుతో చెప్పే మాట. నేనున్నాను, నువ్వు కనిపించావు, వెళ్ళు లేదా ఆగు. మనిద్దరికీ ఒకటే రోడ్డు అని ఒప్పుకోవడం కూడా అందులో ఉంది. ఎప్పుడూ హై బీమ్‌లోనే పోయేవాడికి అగ్ని ఉంది, మాట లేదు.

ఈ విషయంలో అందరికంటే దగ్గరి దేవుడు పూషుడు. ద్వాదశాదిత్యుల్లో ఒకడు. ఋగ్వేదంలో దారులకు అధిపతి. మేకలు లాగే రథం మీద తిరుగుతూ, బాటసారులను తోడేళ్ళ నుంచీ దొంగల నుంచీ కాపాడతాడు. దక్షయజ్ఞంలో పళ్ళు రాలగొట్టించుకున్నాక పిండితో సరిపెట్టుకున్నవాడు. ఈశావాస్యోపనిషత్తు చివర్లో ఒక సాధకుడు ప్రార్థించేది ఈ పూషుణ్ణే. సత్యం మొహాన్ని బంగారు మూత కప్పేసింది, దాన్ని తీసెయ్యి. నీ కిరణాలను వెనక్కి తీసుకో, నిన్ను చూడాలి అంటాడు. ప్రాణం పోయే వేళ చదివే మంత్రాలివి, వ్యాఖ్యాతల అర్థాలు లోతైనవి, వాటిని కాదనడం లేదు. అయినా సరే, దారుల దేవుడి ఎదుట నిలబడి ఒకడు అడుగుతున్నదేమిటి? వెలుగు ఇంకొంచెం పెంచమని కాదు. ఆ వెలుగు వల్లే కనబడటం లేదు, దించవయ్యా అని. చీకటి నుంచి వెలుగులోకి నడిపించమనే ప్రార్థన అందరికీ నోటికి వచ్చు. ఎక్కువైన వెలుగు కూడా మూతే అన్న ఈ రెండో ప్రార్థన మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఆటోనగర్ షాపుల్లో దేవుడి పటాల పక్కన దీన్నీ రాసి పెడితే బాగుంటుంది గానీ వ్యాపారం దెబ్బతింటుంది.

ఇప్పుడు వెలుగు దించే ఆ పని యంత్రం చేస్తానంటోంది. 2013లో ఆడి ఏ8 కారుతో మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి. కారు ముందున్న కెమెరా ఎదుటి బండి లైట్లను పసిగట్టి, హై బీమ్‌లో ఆ బండి మీద పడే ముక్కను మాత్రం ఆర్పేస్తుంది. మిగతా రోడ్డంతా వెలుగే. ఈ తరహా లైట్లకు అమెరికా 2022లో అనుమతిచ్చింది. మర్యాదను కెమెరాకు అప్పగిస్తే మనిషికి పుణ్యం దక్కుతుందా అని వాదించవచ్చు. ఆ వాదన కంటే ఎదుటి డ్రైవరు కళ్ళే ముఖ్యం. అతనికి కావలసింది చూపు, మనవాడి పుణ్యంతో అతనికేం పని? చిక్కు వేరేచోట ఉంది. ఆ కెమెరా ప్రధానంగా గుర్తుపట్టేది వెలుగునే. లైటున్న కారుకు మర్యాద దొరుకుతుంది. లాంతరు లేని ఎడ్లబండి తోలుకొచ్చేవాడికీ, చెప్పులు చేత పట్టుకుని అంచున నడిచొచ్చేవాడికీ చాలాసార్లు పూర్తి వెలుగే మొహాన పడుతుంది. చట్టం ఊహించిన మీటరున్నర ఎత్తు కన్ను వాళ్ళకూ ఉంది.

జైన మునులు ఈ సమస్యను మొదట్లోనే తెంపేశారు. రాత్రి ప్రయాణం లేదు. పగలు నడిచినా ఈర్యా సమితి నియమం ప్రకారం ముందున్న కాడి పొడవు నేలను, అంటే సుమారు నాలుగు మూరలు, చూసుకుంటూ అడుగు వేయాలి. కాలి కింద పురుగు చావకూడదని పెట్టిన ఈ నియమంలో కారు నడిపేవాడికి పనికొచ్చే లెక్క ఒకటుంది: కనబడినంత మేరకే వేగం. లో బీమ్‌లో నల్లబట్టలు కట్టుకున్న మనిషి 50 మీటర్ల లోపుకు వస్తే గానీ కనబడడు. గంటకు 100 కిలోమీటర్లలో పోయే కారు, డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కి పూర్తిగా ఆగేసరికి వంద మీటర్లకు దగ్గరపడుతుంది. 80లో అయితే 70 మీటర్లు. 60లో 45. నాలుగు వరుసల హైవేల మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. పగటికీ రాత్రికీ అదే.

హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. నికరంగా వందలో పోతే రెండు గంటల నలభై రెండు నిమిషాలు, అరవైలో పోతే నాలుగున్నర గంటలు. షాపులో కొత్త బల్బుకు డబ్బులిచ్చేవాడు నిజానికి బేరమాడుతున్నది మధ్యనున్న ఈ గంటా నలభై ఎనిమిది నిమిషాల కోసం. అందులో కొంత న్యాయంగానే దక్కుతుంది. డివైడర్ మీద గన్నేరు గుబురుగా పెరిగిన చోట అవతలి వెలుగు ఇటు రాదు, ఇవతలిది అటు పోదు. ముందు బండి లేకపోతే హై బీమ్ వేసుకుని కాస్త వేగం పెంచవచ్చు. మిగతాది సూర్యాపేటలో టీకి ఆగకుండా పూడ్చుకుందామనుకునేవాళ్ళూ ఉంటారు. ఆ టీ మాత్రం మానకపోవడమే మంచిది.