కళ్ళు మూసుకున్న సంకల్పం

పెనుకొండలో బాబయ్య దర్గాకి పోయే సందులో ఒక ముసలాయన ఉండేవాడు. నరం పట్టేసినవాళ్ళకి నొక్కులు వేసేవాడు, పిల్లలకి దిష్టి తీసేవాడు, జ్వరానికి విభూది మంత్రించేవాడు. డబ్బు అడగడు. హిందూపురం మార్కెట్‌కి పోయొచ్చేవాళ్ళు ఒక బెల్లం అచ్చో, కాస్త చింతపండో అరుగు మీద పెట్టిపోయేవాళ్ళు. చేతులు వణకడం మొదలయ్యాక ఇద్దరు శిష్యుల్ని చేరదీశాడు. "చేతిలో ఏమీ లేదప్పా, అంతా సంకల్పంలోనే ఉంది" అని ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాడు.

పెద్ద శిష్యుడు ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు. తెల్లవారుజామున తలస్నానం, ఒంటిపూట తిండి. రోగి కూచోగానే కళ్ళు మూసుకుని, వాడి బాధ తనకి రానీ అనుకుంటూ భుజం మీద చెయ్యి పెడితే చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. చిన్నవాడికి అంత నిష్ఠ లేదు. పైగా వాగుడుకాయ. చెయ్యి పెట్టకముందే ఏం తిన్నావు, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరితోనైనా గొడవా అని ప్రాణం తీసేవాడు.

ఒకరోజు ధర్మవరం నుంచి పట్టు నేసే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. "ఎడమ భుజం నొస్తాంది సామీ, దవడ దాకా లాగుతాంది" అన్నాడు. మగ్గం మనిషికి భుజం నొప్పి వింతేముంది! పెద్దవాడు కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాడు. నొప్పి దిగింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, మళ్ళీ దిగింది. మూడోసారి వచ్చేసరికి పెద్దవాడు ఊళ్ళో లేడు.

"మగ్గం కాడ కూచుంటే ఎక్కువవుతాందా అన్నా?" అనడిగాడు చిన్నవాడు.

"లేదప్పా. మగ్గం గుంటలో కూచుంటే ఏమీ ఉండదు. చీరల మూట ఎత్తుకోని స్టేషన్ మెట్లెక్కితే పట్టుకుంటాది. కాసేపు నిలబడితే పోతాది."

చిన్నవాడు భుజం ముట్టుకోలేదు. ఎండ లేని పూట ఆయన నుదుట పట్టిన చెమట వైపు చూశాడు. చొక్కా తగిలించుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి పోయాడు. 1991లో తెరిచినప్పటి నుంచీ పైసా తీసుకోని ఆసుపత్రి అది. గుండె రక్తనాళంలో అడ్డు ఉందని తేల్చి, అక్కడే వైద్యం చేశారు.

పెద్దవాడు వచ్చి సంగతి విని ముసలాయన ముందు కూలబడ్డాడు. "నా మనసులో ఒక్క మచ్చ లేదు కదా తాతా. నా సంకల్పం యాడ తప్పింది?"

"తప్పలేదు నాయనా. ఆయప్ప బాగుండాలని కోరుకున్నావు. ఆయప్పని మాత్రం చూడలేదు."

ఇక్కడితో ఆగితే చిన్నవాడు గెలిచినట్టుండేది. కానీ కొన్నాళ్ళకి ఆ నేతాయన జరీ అంచు కండువా ఒకటి తెచ్చి పెద్దవాడికే కప్పాడు. "ఆసుపత్రిలో బతికించినారు సామీ. కానీ అంతకు ముందు నాకు నిద్ర పట్టింది మాత్రం నువ్వు చెయ్యి పెట్టిన రాత్రుల్లోనే." చిన్నవాడి మొహం చిన్నబోయింది.

నీతి: సంకల్పం మొదట పనిచేయాల్సింది రోగి ఒంట్లో కాదు, వైద్యుడి కళ్ళల్లో.

సూదుల వైద్యం పుట్టిన చైనాలో ఇది పాత తగువే. క్రీ.శ. 88లో సింహాసనమెక్కిన హే చక్రవర్తి కొలువులో గువో యూ అనే వైద్యుడు ఉండేవాడు. పేదలకి, పనివాళ్ళకి ఆయన సూది గుచ్చితే నయమయ్యేది. దొరలకి గుచ్చితే చాలాసార్లు నయమయ్యేది కాదు. చక్రవర్తి ఒక గొప్పింటి రోగికి పేద బట్టలు కట్టించి, చోటు మార్చి పంపితే ఒక్క పోటుకే తగ్గిందట. కారణం అడిగితే గువో యూ దాచలేదు. సూది పట్టినవాడి మనసు చెదరకూడదు, పైనుంచి చూసే దొరల ముందు నాకు భయం, భయపడ్డ మనసు రోగం మీద నిలవదు అన్నాడు. దొరలు సొంత తెలివికే పోతారు, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోరు అని కూడా దెప్పాడు. చక్రవర్తి ముఖం మీదే చెప్పాడంటే భయం మరీ అంత ఎక్కువేం లేదనిపిస్తుంది! ఏమైనా, అరచేతిలోంచి శక్తి దూకుతుందని ఆయన అనలేదు. దృష్టి చెదిరితే చెయ్యి తప్పుతుందన్నాడు, అంతే.

ఇవాళ రేకీ, ప్రాణిక్ హీలింగ్ నేర్పేవాళ్ళలో సంకల్పం దూరానికి కూడా పోతుందనేవాళ్ళున్నారు. దానికి దగ్గరి పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది, అదీ గుండె రోగుల మీదే. బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. ముక్కూ మొహం తెలియని భక్తులు రెండు గుంపుల కోసం ప్రార్థించారు. 2006లో ఫలితం అచ్చయింది. ప్రార్థన ఉందో లేదో తెలియనివాళ్ళలో, ప్రార్థన అందినవారిలో 52 శాతానికి, అందనివారిలో 51 శాతానికి ఇబ్బందులొచ్చాయి. మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నామని చెప్పి మరీ చేసిన గుంపులో అది 59 శాతం. నా ప్రాణం అంత మీదికొచ్చిందా అని వాళ్ళు బెంగపడి ఉండొచ్చని పరిశోధకులే అనుమానించారు.

మరి నేతాయన నిద్ర సంగతి? మకావులో చైనా వైద్యం చదివి హార్వర్డ్‌లో చేరిన టెడ్ కప్చుక్ 2008లో దీన్ని తూచి చూపించాడు. పేగుల నొప్పితో బాధపడే 262 మందిని తీసుకున్నాడు. ఏ వైద్యమూ లేకుండా వరసలో ఉంచినవాళ్ళలో 28 శాతం, లోపలికి దిగని ఉత్తుత్తి సూది పెట్టించుకున్నవాళ్ళలో 44 శాతం మంది తగిన ఉపశమనం కలిగిందన్నారు. అదే ఉత్తుత్తి సూదితో పాటు మంచి మాట, ఓపిక దొరికినవాళ్ళలో 62 శాతం. వీళ్ళ దగ్గర వైద్యుడు మొదటిరోజు ముప్పావుగంట కూచుని అడిగాడు, విన్నాడు, నాడి పట్టుకుని కాసేపు మాట్లాడకుండా ఉన్నాడు. పెద్ద శిష్యుడి చెయ్యి, చిన్న శిష్యుడి నోరు కలిపితే అది. ఓపీ చీటీ పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళకి ఏ ఊళ్ళోనూ ఆ ముప్పావుగంట దొరకదు. తాయెత్తు కట్టేవాళ్ళకి గిరాకీ తగ్గకపోవడానికి మూఢనమ్మకం కంటే ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.