పందెం ఒకరిది, ఓటమి మరొకరిది

2008 నాటి అమెరికా ఆర్థిక సంక్షోభంతో సూరత్‌లో అనేక వజ్రాల కర్మాగారాలు మూతపడగా, సానపట్టే కార్మికులు స్వగ్రామాలకు మరలిపోయారు. 2014లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో నాలుగు కేసినోలు మూతపడి వేలమంది ఉపాధి కోల్పోయారు. ఒకచోట శ్రమ, మరొకచోట జూదం. వృత్తులలో సామ్యం లేదు. అయినను రెండు నగరాల జీవనమూ దూరస్థుల విలాసంపైననే నిలిచినది.

17వ శతాబ్దంలో కృష్ణాతీరాన కొల్లూరు గనులలో సుమారు 60,000 మంది పనిచేసేవారని టావెర్నియే వ్రాశాడు. నేడు ఆ ప్రదేశం పులిచింతల జలాశయగర్భంలో ఉన్నది. సంపద స్థానచలనాన్ని ఎవరూ ఆపలేరు. కాని లాభాలు అనుభవించిన యజమాని, పన్నులు స్వీకరించిన ప్రభుత్వం నష్టాన్ని మాత్రం దైవఘటనగా భావించుట న్యాయమా? పందెం వేయనివాడు ఓటమిని మోయరాదు. కలిమినాడే లేమికై నిధి కూర్చుట దయ కాదు, ఋణవిమోచనం.