చూచుట వేరు, నేర్చుట వేరు

విద్య మానవుని క్రౌర్యమునుండి మరల్చునని లోకమున గాఢమైన విశ్వాసము కలదు. ఇరువదవ శతాబ్ది ఆ విశ్వాసమును కఠినముగా పరీక్షించినది. కంబోడియా రాజధాని నామ్‌పెన్ నగరమున ఒక ఉన్నత పాఠశాల ఉండెడిది. 1975లో ఖ్మేర్ రూజ్ వర్గము అధికారమునకు వచ్చిన పిమ్మట అది కారాగారముగా మారినది. తరగతి గదులలో అడ్డుగోడలు లేచి ఇరుకు కొట్లు వెలసినవి. 12,000కు పైబడిన బందీలను అచటికి తెచ్చిరి. సజీవులై వెలువడినవారు అతి స్వల్పము. ఆ కారాగారమునకు అధిపతిగా నుండిన కాయింగ్ గెక్ ఇయావ్ అంతకుముందు గణితము బోధించిన ఉపాధ్యాయుడు. 1979లో ఆ పాలన కూలినది. 1980లో ఆ భవనము తువోల్ స్లెంగ్ జాతిసంహార మ్యూజియముగా ప్రజలకు తెరువబడినది. బందీలను చేర్చుకొనునపుడు కారాగారమువారే తీయించిన ఛాయాచిత్రములు నేడు అచటి గోడలపై వరుసగా నిలిచియున్నవి.

పాఠశాల కారాగారమగుట, గురువు కారాగారాధిపతియగుట సంభవించినపుడు, విద్య తనంతట తాను ధర్మమును కాపాడజాలదని ఒప్పుకొనక తప్పదు. అట్లయిన ఇట్టి మ్యూజియములు ఎవరికి, ఏమి, ఎట్లు నేర్పవలెను?

మొదట ఈ నేరము యొక్క స్వరూపమును గ్రహింపవలెను. పోలండు దేశపు యూదు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ 1944లో ప్రచురించిన గ్రంథమున దీనికి ఒక క్రొత్త పేరు పెట్టెను. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జాతిసంహారమును నిషేధించు ఒడంబడికను ఆమోదించినది. భారతదేశము దానిని 1959లో ధ్రువపరచినది. ఒక దేశీయ, జాతి, వంశ లేక మత సముదాయమును పూర్తిగానో కొంతగానో నాశనము చేయవలెనను సంకల్పమే ఈ నేరమునకు ప్రాణము. ఇందు హతుడైనవాడు చేసిన తప్పు ఏమని అడుగుటకు తావు లేదు. అతడు ఆ సముదాయమునకు చెందియుండుటయే అతని నేరముగా ఎంచబడును.

నాజీ జర్మనీ పోలండు దేశమున నెలకొల్పిన ఔష్విట్జ్ శిబిరములో సుమారు 11 లక్షల మంది మరణించిరి. వారిలో దాదాపు 10 లక్షల మంది యూదులు. 1947 నుండి ఆ స్థలము మ్యూజియముగా ఉన్నది. 11 లక్షలన్న సంఖ్యను బుద్ధి లెక్కింపగలదు గాని హృదయము అందుకొనజాలదు. అచట రాశిగా పడియున్న పెట్టెలలో ఒకదానిపై దాని సొంతదారు తెల్లరంగుతో వ్రాసికొన్న పేరును చూచినపుడు ఆ సంఖ్య ఒక మనిషియగును. రువాండా దేశపు కిగాలి నగరమున 2004లో వెలసిన స్మారక కేంద్రమున 2,50,000 మందికి పైగా హతుల అవశేషములు ఖననము చేయబడినవి. అందు బాలల కొరకు కేటాయించిన గదిలో ఒక్కొక్క శిశువు ఛాయాచిత్రము క్రింద ఆ శిశువునకు ఇష్టమైన ఆహారమేదో, ఆటయేదో వ్రాసియుంచిరి. సంహారకులు మనుష్యుని జాతిపేరుగా కుదించిరి. మ్యూజియము ఆ జాతిపేరునుండి మనుష్యుని తిరిగి వెలికి తీయుచున్నది.

అయినను ఇందొక ప్రమాదము కలదు. పరదుఃఖము ప్రదర్శన వస్తువైనచో చూపరి కన్నీరు కార్చి, తాను మంచివాడనని తృప్తి పొంది వెడలిపోవును. ఘోరదృశ్యములు కొందరిని మొద్దుబార్చును. మరి కొందరిలో వేరొక జాతిపై పగను రగుల్చును. కావుననే యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ, 1993లో వాషింగ్టన్ నగరమున వెలసిన హోలోకాస్ట్ స్మారక మ్యూజియము ఉపాధ్యాయుల శిక్షణకు ప్రత్యేక శ్రద్ధ వహించుచున్నవి. శిష్యులకు దిగ్భ్రాంతి కలిగించుటకై భయానక చిత్రములను చూపరాదు. వారిచే హంతకుల, హతుల వేషములు కట్టించి ఆడించరాదు. ఒకరి బాధను మరియొకరి బాధతో తూచరాదు. మరణమునే గాక, దానికి పూర్వము ఆ ప్రజలు గడపిన జీవితమును కూడ బోధింపవలెను. బాలుని ఆ చీకటిలోనికి జాగ్రత్తగా కొనిపోయి, అంతే జాగ్రత్తగా వెలుపలికి తేవలెనని వారి బోధ.

వాషింగ్టన్ మ్యూజియము చెప్పు నియమములలో మిక్కిలి గహనమైనది మరియొకటి కలదు: జరిగినది జరుగక తప్పనిదని బోధింపరాదు. తప్పనిదే అయినచో ఎవరికిని బాధ్యత ఉండదు. వాస్తవమున ప్రతి మెట్టునను ఎవరో ఒకరు జాబితా వ్రాసిరి, రైలు నడిపిరి, పొరుగువాని తలుపు చూపిరి, చూచియు ఊరకుండిరి. రువాండాలో 1930 ప్రాంతమున బెల్జియం పాలకులు గుర్తింపు పత్రములపై హుటు, టుట్సి అను భేదమును ముద్రించిరి. తరువాతి కాలమున తరగతులలో ఉపాధ్యాయులు ఆ భేదమును బట్టి పిల్లలను లేచి నిలువుమని లెక్కించుచుండిరి. 1994 ఏప్రిల్‌లో సంహారము ప్రారంభమై, సుమారు నూరు దినములలో 8 లక్షలు, అంతకు మించిన జనులు హతులైరి. దారులలో ఆపి అడిగినది ఆ పత్రమునే. ప్రతి అవమానమును సంహారమునకు దారితీయదు. కాని అట్టి వేర్పాటు ముందుగా జరుగక సంహారము సాధ్యము కాలేదు.

ఇచట ఒక ఆక్షేపము సహజము. ఔష్విట్జ్ మ్యూజియమైన పిమ్మటనే కదా కంబోడియా ఘోరము జరిగినది? వాషింగ్టన్ మ్యూజియము తెరచిన మరుసటి ఏడే రువాండా, ఆపై 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిట్సా సంభవించినవి కదా? ఈ ఆక్షేపము సత్యము. దానిని త్రోసివేయుట తగదు. మ్యూజియము సాక్షి మాత్రమే. సాక్షి సత్యమును చెప్పగలడు గాని, వినినవానిచే న్యాయము చేయింపజాలడు. అయినను సాక్షి లేనిచో అసత్యమే చరిత్రయగును, చేసినవారు చేయలేదందురు. ఆ సాక్ష్యమును నడవడిగా మార్చుట విన్నవాని వంతు. ఈ సత్యము నెరిగియే వాషింగ్టన్ మ్యూజియము 1999 నుండి పోలీసులకు సైతము శిక్షణ నిచ్చుచున్నది. నాజీ పాలనలో సామాన్య పోలీసు ఉద్యోగి ఏయే ఆజ్ఞలను ఎట్లు పాటించెనో వారికి చూపి, వారి కర్తవ్యమును వారిచేతనే విచారింపజేయుచున్నది.

ఉపాధ్యాయునికి ఆ విచారము మరింత అవసరము. అతడు మ్యూజియమునుండి తన తరగతికి మరలి వచ్చిన నాడు, పుట్టుకను పట్టి ఎగతాళి చేయబడుచున్న ఒక బాలుడు వెనుక వరుసలో కూర్చుండియుండవచ్చును. ఆ ఎగతాళిని అతడు విననట్లు నటించినచో, చూచి వచ్చినదంతయు వ్యర్థము. దానిని ఆపి, ఆ బాలుని అతని పేరుతో పిలిచి, తోటివారి నడుమ కూర్చుండబెట్టినచో, అతడు నేర్చుకొనినట్లు.