దిట్టం తప్పని భక్తి

తిరుమలలో ప్రసాదాలు వండే పోటులో పొయ్యి ముందు నిలబడే మనిషికి చెయ్యి ఎంత తిరిగినా నెయ్యి అందాజుగా పొయ్యడానికి వీల్లేదు. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు, వీటిలో ఏది ఎంత పడాలో ముందే రాసి ఉంటుంది. ఆ రాతనే అక్కడ దిట్టం అంటారు. లెక్క పడుల్లో నడుస్తుంది. ఒక పడి అంటే 51 లడ్డూలు. వంద పడులకు, అంటే 5,100 లడ్డూలకు, అన్ని సరుకులూ కలిపి 803 కిలోలు. దేవస్థానం 1950లో ఈ దిట్టాన్ని స్థిరపరిచింది. భక్తుల రద్దీ పెరిగి లడ్డూలు చాలకపోవడంతో 2001లో సవరించింది. ఆ సవరణ కూడా లెక్క వేసి, రాసి, ఆమోదించి చేసిందే. పోటులో ఎవరికి తోచినట్టు వారు పెంచుకుంటూ పోయింది కాదు.

ఇంత కట్టుదిట్టం లడ్డూకే పరిమితం కాదు. ఈ కొండ చుట్టుపక్కల భక్తి అంతా ఏదో ఒక దిట్టం మీదే నడుస్తోంది. ఇక్కడే ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది. దేవుడు అనంతుడైనప్పుడు ఆయనకు చేసే పనికి హద్దు గీయడం తగునా? ఇంతే చేస్తాను, ఇక్కడికే చేస్తాను అనడం భక్తిలో లోటు కాదా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి వేదాంత గ్రంథాల దాకా వెళ్లనక్కర్లేదు. తిరుపతిలో ఏ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నా సరిపోతుంది. పురోహితుడు కథ మొదలుపెట్టడానికి ముందు సంకల్పం చెప్పిస్తాడు. కల్పం, మన్వంతరం, యుగం చెప్పాక, జంబూద్వీపంతో మొదలై భరతవర్షం, మేరువుకు ఏ వైపు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ అన్నంత వరకూ చోటు బిగుసుకుంటూ వస్తుంది. తర్వాత మళ్లీ కాలం. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఆ పైన గోత్రం, పేరు, కోరే ఫలం. చిట్టచివర, ఫలానా కర్మ చేస్తున్నాను అన్న మాట. విశ్వమంత పెద్దదాన్ని ఇంట్లో పీట వేసిన చోటికి, ఆ పూటకి, ఆ ఒక్క పనికి దించిన తర్వాతే చేతిలోని అక్షతలూ నీళ్లూ పళ్లెంలోకి జారతాయి. హద్దు చెప్పనిదే కర్మ మొదలు కాదు. ఆ పీట మీదే మరో పూజ చేయాలంటే మళ్లీ సంకల్పం చెప్పుకోవాల్సిందే. మొదటి సంకల్పం రెండో పనికి చెల్లదు.

మీమాంసకులు దీన్ని ఇంకా సూక్ష్మంగా పట్టించుకున్నారు. జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ఒక చర్చ ఉంది. రోజూ తప్పక చేయాల్సిన నిత్యకర్మలో ఏదైనా అంగం శక్తిలేక జారిపోయినా, చేయగలిగినంత చేస్తే కర్మ నిలుస్తుంది. ఫలం కోరి చేసే కామ్యకర్మలో అలా కుదరదు. అన్ని అంగాలూ పూర్తిగా చేయగలవాడే దానికి పూనుకోవాలి. ఈ తేడా మీద కాసేపు మనసు నిలపాలి. నిత్యం చేసే పనిలో మనిషి బలహీనతకు శాస్త్రం చోటిచ్చింది. కోరి తలకెత్తుకున్న పనిలో మాత్రం చివరిదాకా మొయ్యగలవా అని ముందే నిలదీసింది. పెద్ద పనులు సగంలో ఆగిపోతుంటే చూసిన వాళ్లెవరికైనా ఈ నిలదీతలోని దయ అర్థమవుతుంది.

ఇక అనంతుడికి హద్దా అన్న సందేహం. శ్రీవైష్ణవ సిద్ధాంతం దీనికి చెప్పే జవాబు అర్చావతారం. అంతటా నిండినవాడు ఒక శిలలో, ఒక కొలతలో, ఒక గర్భాలయంలో తనంతట తాను ఒదిగాడు. తెల్లవారుజామున సుప్రభాతంతో మేల్కొంటాడు, వేళకు ఆరగిస్తాడు, రాత్రి ఏకాంత సేవ తర్వాత విశ్రమిస్తాడు. వైఖానస ఆగమం ఆ దినచర్యను గీత గీసినట్టు నడుపుతుంది. హద్దును ముందుగా ఒప్పుకున్నది దేవుడే అయినప్పుడు, భక్తుడు తన సేవకు హద్దు పెట్టుకుంటే అపచారం ఎలా అవుతుంది? అలా ఒదగడమే ఆయన సౌలభ్యం అన్నారు ఆచార్యులు. ఈ మాట తర్కం కోసం అల్లింది కాదు, తిరుమల ఆలయం రోజూ ఆచరిస్తున్నది.

మామూలు జనానికి ఈ సిద్ధాంతాలు తెలియకపోవచ్చు, హద్దు మాత్రం బాగా తెలుసు. కల్యాణకట్టలో కత్తి పట్టిన మనిషి ముందు ఒక ఇల్లాలు కూర్చుంటుంది. “గుండేనా అమ్మా, మూడు కత్తెరలా?” అని అతను అడుగుతాడు. వెనక నిలబడ్డ అత్తగారు “మూడు కత్తెరలే నాయనా, బిడ్డ పుట్టినప్పుడు అట్లే మొక్కుకున్నాం” అంటుంది. మూడు కత్తెరలు మొక్కుకున్నవాళ్లకు మూడు కత్తెరలతోనే మొక్కు చెల్లింది. గుండు మొక్కుకున్నవాళ్లు మూడు కత్తెరలతో సరిపెట్టుకుంటే ఇంటికెళ్లాక నిద్ర పట్టదు. నిలువుదోపిడి ఇంకా విశేషమైనది. వినడానికి సర్వస్వం ఇచ్చేసినట్టుంటుంది. కానీ ఆ మొక్కుకూ కొలత ఉంది. దేవుడి ముందు నిలబడ్డప్పుడు ఒంటి మీద ఉన్న నగలన్నీ హుండీకి. ఇంట్లో బీరువాలో ఉన్నవి ఆ మాటలోకి రావు. చిత్తూరుకు దగ్గర్లోని కాణిపాకంలో వినాయకుడి ఎదుట ప్రమాణం చేసేవాడు కూడా దేన్ని మానేస్తున్నాడో పేరుపెట్టి చెబుతాడు. “ఇక మంచిగా ఉంటాను స్వామీ” అంటే అది ప్రమాణం కాదు. “ఇక తాగను” అంటేనే ప్రమాణం.

కాణిపాకంలో మరో నమ్మకం ఉంది. అక్కడి స్వయంభూ వినాయకుడు పెరుగుతున్నాడని, పూర్వం ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు ఆయనకు పట్టడం లేదని చెబుతారు. దేవుడు పెరగవచ్చు. కవచం చేయించిన మనిషి మాత్రం ఆనాటి కొలతకే చేయించగలదు. ఆ కవచం వృథా అయిందని అక్కడ ఎవరూ అనుకోరు.

తాళ్లపాక అన్నమయ్యది మరో రకం దిట్టం. 1424లో, పదహారేళ్ల వయసులో మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా రోజుకు ఒకటికి తగ్గకుండా సంకీర్తన చెప్పాడని రాగిరేకుల వల్ల తెలుస్తోంది. ఆయన చెప్పిన సంకీర్తనలు 32,000 అని ప్రసిద్ధి. లెక్క కడితే డెబ్బై తొమ్మిదేళ్లకు రోజుకొకటికి కాస్త పైన వస్తుంది. ముప్పై రెండు వేలు రాస్తానని ఆయన పూనుకున్నట్టు ఎక్కడా లేదు. పూనుకున్నది ఆ రోజు పాటకే. నేడు దొరుకుతున్నవి పన్నెండు వేలకు పైగా.

అన్నింటికంటే గట్టి సాక్ష్యాలు ఆలయ గోడల మీదే ఉన్నాయి. పల్లవుల ఇంటి రాణి సామవై 966లో వెండి విగ్రహాన్ని సమర్పించింది. ఈనాటికీ ఏకాంత సేవలో పవళించే భోగ శ్రీనివాసమూర్తి అదే. ఆమె విగ్రహం ఇచ్చి చేతులు దులుపుకోలేదు. నగలిచ్చింది. నిత్య కైంకర్యానికీ ఉత్సవాలకూ భూమి ఇచ్చి, ఆ ఆదాయం దేనికి ఖర్చు కావాలో శాసనంలో చెక్కించింది. తర్వాతి శతాబ్దాల శాసనాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఎంత సొమ్ము ఇచ్చారు, దానితో ఏ చెరువు తవ్వించాలి, వచ్చే పంటతో ఏ రోజు ఏ నైవేద్యం పెట్టాలి, ప్రసాదంలో దాతకు ఎంత భాగం అన్న వివరాలు చదువుతుంటే ఆ దాతల మీద గౌరవం పెరుగుతుంది. వెయ్యేళ్ల తర్వాత కూడా తమ మాటకు అడ్డదిడ్డపు అర్థం తీయకుండా వాళ్లు జాగ్రత్తపడ్డారు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఒక్కొక్క గోడనూ పరిశీలించి ఈ శాసనాలను సేకరించారు, దేవస్థానం 1930లలో వాటిని సంపుటాలుగా అచ్చువేసింది.

ఆ గోడలకే 2008లో పరీక్ష వచ్చింది. ‘ఆనంద నిలయం – అనంత స్వర్ణమయం’ పేరుతో గర్భాలయపు గోడలకు బంగారు తాపడం చేయించాలని దేవస్థానం పూనుకుంది. భక్తులు బంగారం ఇచ్చారు. వాళ్ల భక్తిని శంకించాల్సిన పని లేదు. కృష్ణదేవరాయలు విమానానికి బంగారు పూత వేయించలేదా అన్న మాట ఇలాంటప్పుడు సహజంగానే వస్తుంది. వేయించాడు. 1513కీ 1521కీ మధ్య ఏడుసార్లు కొండెక్కిన రాయలు అందుకోసం ముప్పై వేల వరహాలిచ్చాడు, 1518లో పని పూర్తయింది. అయితే ఆయన సంకల్పం విమానం. గోడలు కాదు. రాయలు ముట్టని గోడకు రాయల పేరు చెప్పి తాపడం చేయడమంటే, ఒక పనికి చెప్పిన సంకల్పంతో మరో పని చేయడమే. గోడ మీద తాపడం పడితే శాసనాలు మరుగున పడతాయి, దెబ్బతింటాయి అన్నది ప్రధానమైన అభ్యంతరం. వ్యవహారం కోర్టుకెక్కింది. 2010 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది.

ఇది చట్టం తేల్చిన వివాదంగానే మిగిలిపోకూడదు. ధర్మం దృష్టితో చూసినా ఆ తీర్పు న్యాయమే. శాసనం అంటే ఒక పాత భక్తుడు దేవుడితో చేసుకున్న ఒప్పందం. కొత్త భక్తుడి కానుక దాన్ని కప్పేస్తే, ఒకరి సంకల్పం మరొకరి సంకల్పాన్ని మింగినట్టే. తన పని ఎక్కడ ఆగాలో చెప్పుకోని భక్తి, ఎదుటివాడి భక్తి ఎక్కడ మొదలవుతుందో చూడలేదు. బంగారం ఎంత మేలిమిదైనా ఈ దోషం పోదు.

అలాగని హద్దు పెరగకూడదని కాదు. అదే కొండ మీద ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1985 ఏప్రిల్ 6న నిత్యాన్నదానం మొదలైంది. అప్పుడు రోజుకు రెండు వేల మందికి. క్రమంగా కొండకు వచ్చిన అందరికీ అయింది. 2011లో తరిగొండ వెంగమాంబ పేరుతో పెద్ద భవనం తెరుచుకుంది. రెండు వేలు అందరూ అయ్యేదాకా ప్రతి మెట్టుకూ విరాళాల నిధి, వంటశాల, మనుషులు సమకూరుతూ వచ్చారు. పని పెరిగినా దాని స్వభావం మారలేదు, మరొకరి పనిని తొలగించలేదు. అన్నం పెడతామన్న మాట అన్నం పెట్టడంగానే పెరిగింది. లడ్డూ దిట్టాన్ని సవరించినట్టే ఇదీ సవరణ.

తిరుపతిలోనో, శ్రీకాళహస్తిలోనో, సొంతూరి రామాలయంలోనో ఏదైనా చేయించాలని మొక్కుకున్నవాళ్లకు ఒక విన్నపం. డబ్బు కట్టే ముందు, కూలీలు సుత్తి ఎత్తే ముందు, ఆ గోడ మీద ఏం రాసి ఉందో ఒక్కసారి చదివించుకోండి. అర్థంకాని పాత లిపి అయితే చదవగలిగినవాళ్లను పిలిపించండి. మీరు చేయించే పని ఎంతవరకో, ఎక్కడ ఆగుతుందో కూడా రాయించండి.